లేతగా గీసుకోమని చెప్పే మనిషి

గత నెల ఒక ఆదివారం పొద్దున్న, బీచ్ రోడ్డుకు దగ్గర్లో జరిగిన పిల్లల డ్రాయింగ్ పోటీకి జడ్జిగా వెళ్లాను. నేను ఆర్టిస్టును కాను. జెట్టీలకూ గోడౌన్లకూ డ్రాయింగులు తయారుచేసే ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్ పని చేస్తున్నాను. పోటీ పెట్టినవాళ్లలో ఒకాయన బాగా తెలిసినవాడు, రమ్మంటే కాదనలేకపోయాను. అంశం 'మన విశాఖ'. టైము రెండు గంటలు. పన్నెండున్నరకల్లా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల షీట్లు నూట నలభై దాకా మా ముగ్గురి ముందుకొచ్చాయి.

వాటిలో ఓ ముప్పై షీట్లు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ, మీద లైట్‌హౌస్, నీళ్ల మీద నారింజ రంగు సూర్యుడు, ముందు ఎడమపక్కకు వంగిన కొబ్బరిచెట్టు. కొందరు కింద 'వైజాగ్ సన్‌సెట్' అని పేరు కూడా రాశారు. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలో మునగడు. ఈ ఊళ్లో పుట్టిన పిల్లలకు అది తెలియక కాదు. వాళ్లకు క్లాసులో నేర్పిన బొమ్మ అది. ఆయిల్ పేస్టల్స్ పసుపు నుంచి ఎరుపులోకి ఎక్కడా గీత కనపడకుండా కలిసిపోయాయి. వారానికి రెండు సాయంత్రాలు ఎక్కడో కూర్చుని సాధన చేసిన చేతులవి. ఆ పిల్లల కష్టాన్ని నేను తక్కువ చేయను.

అరవయ్యో డెబ్బయ్యో షీటు తిప్పేసరికి ఒక మరబోటు కనిపించింది. పెన్సిలు, నీలం బాల్‌పెన్ను, ఎర్ర స్కెచ్‌పెన్ను, అంతే. బోటు ముందుభాగం మరీ పెద్దదైపోయి, వెనకభాగానికి కాగితం చాలలేదు. కానీ బోటు మీద నంబరుంది. ఐసు పెట్టెలున్నాయి. వల కుప్పలో బెండ్లు ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. డీజిల్ డ్రమ్ము మీద ఆరేసిన లుంగీ ఉంది. బోటు మధ్యలో స్తంభం ఉండాల్సిన చోట మాత్రం కాగితానికి చిల్లు పడింది. నొక్కి గీసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ నొక్కి గీసి, మళ్లీ చెరిపితే కాగితం తట్టుకోలేక చిరిగింది.

యాభైకి పదహారు మార్కులు వేశాం. నీట్‌నెస్‌కి ఇన్ని, కలరింగ్‌కి ఇన్ని, కాంపోజిషన్‌కి ఇన్ని అని ముందే గడులు గీసిచ్చారు. ఆ లెక్కన పదహారు సరిగ్గానే వచ్చాయి. ఇప్పుడు మళ్లీ కూర్చోబెట్టినా అన్నే వేస్తాను. ఆ రోజు నుంచీ నన్ను తొలుస్తున్నది అదే. జడ్జీలం మేం తప్పు చేయలేదు.

షీటు వెనక పేరు, తరగతి, బడి రాసున్నాయి. ఏడో తరగతి, సర్కారు బడి, మత్స్యకారులు ఎక్కువుండే పేట.

మా డ్రాయింగ్ మాస్టారు చేసిన పని

అనకాపల్లి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను చదువుకున్నాను. అప్పటికి ఆ ఊళ్లన్నీ విశాఖ జిల్లాలోనే ఉండేవి. మాకు డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. వారానికి రెండు పీరియడ్లు. ఆయన మొదటి రోజు చెప్పిన మాట, ఆ తర్వాత ప్రతి క్లాసులోనూ చెప్పిన మాట ఒకటే: "ముందు లేతగా గీసుకోండ్రా. కుదిరాక ముదురుగా దిద్దుదురు గాని."

బొమ్మలు బాగా వేసేవాళ్లం ముగ్గురం ఉండేవాళ్లం. మా దగ్గర ఆయన పెద్దగా నిలబడేవారు కాదు. "నీకొచ్చు గదా, పక్కవాడికి చూపించు" అని వెళ్లిపోయేవారు. సీసా గీస్తే ఒకపక్క ఉబ్బి, ఒకపక్క నొక్కుకుపోయే వాళ్లుంటారే, వాళ్ల బల్లల దగ్గర వంగి నిలబడేవారు. మధ్యలో ఒక నిలువు గీత గీయించి, ఇటెంతో అటూ అంతే కొలిపించేవారు. మా క్లాసు నలభై మందిలో తర్వాత బొమ్మల జోలికి వెళ్లింది నేనొక్కడినే అనుకుంటాను. ఆయన దగ్గరే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్షకు తయారయ్యాను, ఆ ధైర్యంతోనే ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్ తీసుకున్నాను. మిగతావాళ్లు వ్యవసాయంలో, స్టీల్ ప్లాంటులో, దుబాయిలో ఉన్నారు. మొన్నామధ్య ఒకడు కలిసి, ఇల్లు కట్టుకుంటూ మేస్త్రీకి మెట్ల బొమ్మ తనే గీసిచ్చానని చెప్పాడు. సీసా ఉబ్బేది వాడిదే.

మాస్టారు రిటైరయ్యాక ఆ బడికి మళ్లీ డ్రాయింగ్ మాస్టారు రాలేదని మా తమ్ముడు చెప్పాడు.

ఆ చిల్లు పడ్డ షీటు చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు. ఏడేళ్లు బడికెళ్లిన పిల్లాడికి లేతగా గీసుకోమని ఒక్క మనిషీ చెప్పలేదు. దానికి ఖర్చు లేదు, సామాను అక్కర్లేదు. చెప్పే మనిషి మాత్రం ఉండాలి.

నేను చెప్పదలచుకున్నదీ ఇదే. బడిలో బొమ్మలు, పాట, నాటకం, డాన్సు ఉండాల్సింది వచ్చినవాళ్ల కోసం కాదు, రానివాళ్ల కోసం. మన దగ్గర సరిగ్గా దానికి ఎదురు జరుగుతోంది. బయట డబ్బు కట్టి నేర్చుకున్న పిల్లల్ని తెచ్చి స్టేజీ ఎక్కించి, మన బడి పిల్లల ప్రతిభ అని చప్పట్లు కొడుతున్నాం. అందులో ప్రతిభ ఉండదని కాదు. కానీ దాంట్లో సగం నెలనెలా కట్టిన ఫీజు. ఆ సగాన్ని పక్కకు తీసి చూడగలిగే జడ్జి ఎవరూ లేరు, నాతో సహా.

వంద మంది లెక్క

చట్టంలో ఏమీ లేదా అంటే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే కళావిద్యకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. ఈ ఒక్క వాక్యంలో నాకు రెండు చోట్ల ముల్లు గుచ్చుకుంటుంది. ఒకటి, వంద దాటితే అన్నమాట. తొంభై ఎనిమిది మంది ఉన్న బడికి హక్కే లేదు. పిల్లలు తగ్గిపోయే బడులు ఎవరివో మనకు తెలుసు. రెండోది, పార్ట్‌టైమ్ అన్నమాట. లెక్కల మాస్టారిని పార్ట్‌టైమ్ పెట్టమని చట్టం ఎక్కడా అనలేదు.

2020 జాతీయ విద్యావిధానం ఇంకా బాగా మాట్లాడింది. పాఠ్యాంశాలు వేరు, సహపాఠ్యాంశాలు వేరు అనే గోడ ఉండకూడదంది, స్థానిక కళాకారుల్ని బడులకు పిలవమంది. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళావిద్యను మిగతా సబ్జెక్టుల పక్కన కూర్చోబెట్టి గంటలు కేటాయించింది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి 'కృతి' అనే పుస్తకం వేసింది. బొమ్మలు, సంగీతం, నాట్యం, నాటకం నాలుగూ ఉన్నాయి. మన రాష్ట్రంలో 2025 నుంచి శనివారాలు నో బ్యాగ్ డే, అంటే పుస్తకాల సంచీ లేని రోజు అన్నారు. వీటిలో ఏ ఒక్కటీ చెడ్డది కాదు. పుస్తకం వచ్చింది, రోజు వచ్చింది. మనిషి రాలేదు.

మనిషి లేని చోట ఆ రోజును నింపేది ఏమిటి? పోటీలే. కేంద్ర విద్యాశాఖ 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్ కూడా పోటీయే. జిల్లా, రాష్ట్రం, జాతీయం, మెట్లు మెట్లుగా ఎక్కాలి. ఎక్కేవాళ్లను చూడటానికి బాగుంటుంది. మొదటి మెట్టు దగ్గరికే రాని పిల్లల గురించి పట్టించుకోవడం ఏ ఉత్సవానికీ చేతకాదు.

సర్కారు బడుల్లో ఇది కుదరని పని కాదు. నవోదయ విద్యాలయాల్లో ఆర్ట్ టీచరు పోస్టు, సంగీతం టీచరు పోస్టు ఉంటాయి. మన కొమ్మాదిలోనూ నవోదయ ఉంది. కాకపోతే ఐదో తరగతిలో ఎంట్రన్సు రాసి నెగ్గిన పిల్లలకే ఆ సీటు. అక్కడ కూడా ముందు పోటీ, తర్వాతే పాట. నా మాటెవరైనా వింటారంటే ఒక్కటి అడుగుతాను: ఎంట్రన్సు తప్పిన పిల్లలకు కూడా అలాంటి ఒక మాస్టారినివ్వండి. ఒక బడికి ఒకరిని ఇవ్వలేకపోతే, దగ్గర దగ్గరగా ఉన్న మూడు బడులకు ఒకరినివ్వండి, వారంలో రెండేసి రోజులు తిరుగుతారు. ఆంధ్రా యూనివర్సిటీలోనే ఫైన్ ఆర్ట్స్, సంగీతం, థియేటర్ ఆర్ట్స్ విభాగాలున్నాయి. చదివినవాళ్లు లేరని అనడానికి ఈ ఊరికి వీల్లేదు.

డ్రెస్సు డబ్బులు

ప్రైవేటు బడుల్లో డాన్సు టీచర్లు, కరాటే మాస్టార్లు అందరూ ఉంటారు గదా అనుకుంటాం. మా వీధి చివర ఆటో నడిపే అతని కూతురికి విద్యాహక్కు చట్టం ప్రకారం పేద పిల్లలకిచ్చే పాతిక శాతం సీట్ల కింద ఒక ప్రైవేటు బడిలో సీటొచ్చింది. వార్షికోత్సవానికి గ్రూప్ డాన్సులో ఆ పాపను తీసుకున్నారు. మూడు వారాలు ప్రాక్టీసు చేసింది, మా మెట్ల మీద కూడా వేసి చూపించింది. తర్వాత డ్రెస్సు అద్దె, మేకప్ కలిపి పన్నెండు వందలు తెమ్మన్నారు. నెలాఖరు. వాళ్లమ్మ నాలుగు రోజులు గడువడిగింది. ఆ నాలుగు రోజుల్లో పాప వరసలోకి ఇంకో పిల్ల వచ్చింది.

ఆ రాత్రి వాళ్లమ్మ మా ఆవిడతో అన్న మాట: "ఫీజు లేదన్నారు గదండీ అని చేర్పించాం. ఫీజు కానివి ఇన్నుంటాయని తెలీలేదు."

పాప స్టెప్పులన్నీ నేర్చుకుంది. నేర్పించినవాళ్లకు పాప మీద కోపం లేదు. డ్రెస్సు లేని పిల్లను స్టేజీ మీద ఊహించుకోవడం వాళ్ల వల్ల కాలేదు, అంతే. యూనిఫాంలో డాన్సు వేస్తే కళకు ఏం లోటొస్తుందో నాకు ఎంత ఆలోచించినా తెలియలేదు.

ఎవరి చేతికి ఏమిస్తున్నాం

నా వాదనకు నాకే ఎదురైన గట్టి అడ్డంకి వేరే ఉంది.

ఉత్తరాంధ్రలో కళలకేం తక్కువ. తప్పెటగుళ్లు ఉన్నాయి, అరకు వైపు థింసా ఉంది, ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మలు చేసే ఇళ్లున్నాయి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే శకటం మీద ఢిల్లీ కూడా వెళ్లాయి. విజయనగరం సంగీత కళాశాల 1919 నాటిది, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల అక్కడే చదివారు. మరి బడిలో నేర్పాల్సింది వీటినే, మన కళలు మన పిల్లలకు అని నేను ఎక్కడపడితే అక్కడ అంటూ ఉండేవాడిని. ఒకసారి మా ఆఫీసు గోడౌన్లో లోడింగ్ పని చేసే ఒకతని ముందు కూడా అన్నాను. వాళ్ల నాన్న ఊళ్లో డప్పు కొట్టేవాడు.

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మావోడి బడిలో కూడా పెట్టినారండి ఏదో పోగ్రాం. పాట ఒకలు, డాన్సొకలు. డప్పు మాత్రం మావోడి సేతికిచ్చినారు. మీకు బాగా వొచ్చుంటాది గదరా అన్నారట. ఆడికి ఒక్క దెబ్బ కొట్టడం తెల్దు. ఆడి సేతికి డప్పు రాకూడదనే గదండీ నాను బడికి తోలింది."

నేను ఏమీ అనలేకపోయాను. అతనే మళ్లీ అన్నాడు: "అందరి సేతికీ ఇచ్చుంటే నానేటీ అనుకోను."

ఆ రెండో మాట మీద చాలా రోజులు ఆలోచించాను. మన కళలు అని మనం గొప్పగా చెప్పుకునే చాలావాటికి కులం గుర్తు ఉంది. కూచిపూడి నేర్చుకునే పిల్లకూ, డప్పు అంటగట్టిన పిల్లాడికీ మధ్య ఉన్న దూరం టాలెంటుది కాదు. వచ్చినవాళ్లను ఎంచుకుని స్టేజీ ఎక్కించే పద్ధతిలో ఎవరి ఇంటిది వాళ్ల చేతికే మళ్లీ వస్తుంది. క్లాసులో ఉన్న నలభై మందీ నాలుగు వారాలు డప్పు నేర్చుకుని, తర్వాత నాలుగు వారాలు సరళీ స్వరాలు నేర్చుకుంటే ఆ దూరం పూర్తిగా పోతుందని నేను అనను. కనీసం ఒక పిల్లాడు తలొంచుకుని ఇంటికి రాడు. అది టైంటేబుల్లో పీరియడ్ ఉంటేనే కుదురుతుంది.

లెక్కల టీచరు అడిగిన ప్రశ్న

మా మేనత్త కూతురు సర్కారు హైస్కూల్లో లెక్కల టీచరు. ఇదంతా చెబితే, "బావా, ఏడో తరగతికొచ్చి భాగహారం రానివాళ్లు నా క్లాసులో ఉన్నారు. ముందు వాళ్ల సంగతి చూడనీ. నువ్వు బొమ్మలంటావు" అంది. తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. పేద పిల్లాడికి పదో తరగతి గట్టెక్కడమే జీవితం. నా బొమ్మ బాగుండాలని అతని భాగహారాన్ని పణంగా పెట్టే హక్కు నాకు లేదు.

దీనికి ఆర్ట్స్ వాళ్లు ఎప్పుడూ చెప్పే జవాబొకటుంది: కళ నేర్చుకుంటే మార్కులూ పెరుగుతాయి అని. ఆ జవాబు నేను చెప్పను. 2000లో హార్వర్డ్ యూనివర్సిటీ పరిశోధన కేంద్రం ప్రాజెక్ట్ జీరోలో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ అంతకు ముందు ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనల్ని కలిపి పరిశీలించారు. క్లాసులో నాటకం వేయించడం వల్ల భాష మెరుగవడం లాంటి రెండు మూడు చోట్ల తప్ప, కళ వల్ల చదువులో మార్కులు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదన్నారు. వాళ్లిద్దరూ కళావిద్యను కోరుకునేవాళ్లే. అయినా ఉన్నదున్నట్టు రాశారు. మార్కుల కోసం కళ అని మనం ఒప్పుకుంటే, మార్కులు పెరగని రోజు ఆ పీరియడ్ తీసేయడానికి కూడా మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

నేను తనని ఒకటడిగాను. డ్రాయింగ్ పీరియడ్ తీసేసి లెక్కలకిస్తే, భాగహారం రాని పిల్లాడికి వచ్చిందా అని. తను చాలా నిజాయితీగా చెప్పింది. "ఎన్నిసార్లు తీసుకున్నానో లెక్కలేదు. సిలబస్ అవదు గదా, అందుకు తీసుకున్నాను. ఆ పీరియడ్లో కూడా ముందు బల్లల వాళ్లతోనే వెళ్లిపోయాను." వెనక బల్లల్లో ఉన్న పిల్లాడికి లెక్కలూ రాలేదు, బొమ్మా పోయింది. డబ్బున్నవాళ్ల పిల్లలకు ఈ బేరం ఎవరూ పెట్టరు. వాళ్లకు లెక్కలకు ట్యూషనూ ఉంటుంది, సాయంత్రం గిటారు క్లాసూ ఉంటుంది. లెక్కలా, బొమ్మలా ఏదో ఒకటి ఎంచుకోమని మనం అడుగుతున్నది లేనివాళ్లనే.

డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందని మా బావమరిది అడిగాడు. ఆ మాటకొస్తే మా చిన్నాన్న కూతురు కాలిఫోర్నియాలో ఉంటుంది, వాళ్ల దగ్గర సంగతి చెప్పింది. 2022 నవంబరులో అక్కడి జనం ఓటేసి ఒక చట్టం తెచ్చుకున్నారు, ప్రొపొజిషన్ 28 అని. బడులకిచ్చే డబ్బులో ఒక శాతానికి సమానమైన మొత్తం అదనంగా, కేవలం సంగీతానికీ కళలకూ ఇవ్వాలి. ఏడాదికి దాదాపు వంద కోట్ల డాలర్లు. నాకు నచ్చింది ఆ అంకె కాదు, అందులోని షరతులు. డెబ్బై శాతం పిల్లల సంఖ్యను బట్టి, ముప్పై శాతం పేద పిల్లలు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి పంచాలి. ఓ మోస్తరు పెద్ద స్కూల్ డిస్ట్రిక్టులు (అక్కడ బడుల్ని నడిపే స్థానిక సంస్థలు) తమకొచ్చిన దాంట్లో ఎనభై శాతం మనుషుల జీతాలకే ఖర్చు పెట్టాలి. పాత ఖర్చు తీసేసి ఆ స్థానంలో ఈ డబ్బు వాడకూడదు. అంత కట్టుదిట్టంగా రాసుకున్నా, ఆ చివరి షరతు పాటించలేదంటూ లాస్ ఏంజెలెస్ బడుల మీద 2025లో తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. డబ్బున్న దేశంలోనే అలా ఉంటే మన దగ్గర ఎలా ఉంటుందని నాకూ అనుమానమే. కానీ వాళ్లకు కోర్టుకెళ్లి చూపించడానికి రాసిపెట్టుకున్న షరతు ఉంది, ఎనభై శాతం అనే ఒక అంకె కూడా ఉంది. మనకు అడగడానికి అలాంటి అంకె లేదు. వంద మంది పిల్లలు దాటితే ఒక పార్ట్‌టైమ్ మనిషి అన్న వాక్యం ఉంది. కనీసం దాన్నైనా మన వార్డులో, మన బడిలో అమలైందో లేదో అడగొచ్చు. స్కూలు కమిటీ మీటింగుల్లో మరుగుదొడ్ల గురించి, భోజనం గురించి అడుగుతున్నాం, మంచిదే. టైంటేబుల్ గోడ మీదే ఉంటుంది. డ్రాయింగ్ అని రాసున్న గడిలో నిజంగా ఏం జరుగుతోందో ఒకసారి అడగండి.

ఒక శనివారం

మొన్న శనివారం సెలవు పెట్టి, హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని, ఆ మరబోటు గీసిన పిల్లాడి బడికి వెళ్లాను. షీటు వెనక ఉన్న పేరు చెబితే, ఆ రోజు రాలేదన్నారు. ఏడో తరగతిలో ముప్పై ఒక్క మంది కూర్చున్నారు. డ్రాయింగ్ షీట్లు, పెన్సిళ్లు నేనే పట్టుకెళ్లాను. బల్ల మీద స్టీలు చెంబు పెట్టి గీయమన్నాను. పది నిమిషాల్లో గది నిండా రబ్బరు పొట్టు.

అప్పుడు చెప్పాను, ముందు లేతగా గీసుకోండి, కుదిరాక ముదురుగా దిద్దుకోవచ్చు అని.

కిటికీ పక్కనున్న అమ్మాయి, "లేతగా అంటే ఎంత సార్?" అని అడిగింది. నాకు మాటల్లో చెప్పడం రాలేదు. వెళ్లి తన పెన్సిలు తీసుకుని, కొస దగ్గర కాకుండా పైకి పట్టుకుని, కాగితం మీద ఆనీ ఆనకుండా ఒక గీత లాగి చూపించాను. తను వంగి చూసి, "అది కనపడట్లేదు కదా సార్" అంది. కనపడుతుంది, ఇంకొంచెం దగ్గరగా చూడు అన్నాను. చూసింది. తర్వాత తనూ లాగింది, ఇంకోటి లాగింది. చెంబు మెడ దగ్గర నాలుగు గీతల్లో ఒకటి కుదిరింది. దాన్ని దిద్దింది. మిగతావి చెరపాల్సిన పనే రాలేదు.

పక్కమ్మాయికి అది చూపిస్తుండగా గంట కొట్టారు. బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర నలుగురైదుగురు మూగి, వచ్చే శనివారం చెంబు వద్దు, సైకిలు పెడదాం సార్ అన్నారు.

వచ్చే శనివారం నాకు ఆఫీసుంది. ఆ పై శనివారం కూడా ఉంది.